రొనాల్డోని ఎవరు పంపారు?

(విశాఖపట్నంలో గేమింగ్ అంటే ఇష్టమున్న విద్యార్థులు ఒక ఆదివారం సాయంత్రం పెట్టుకున్న సభలో, గేమ్ యానిమేషన్ పనిచేసే ఒకాయన చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బయట ఉక్కపోత ఎలా ఉందో మీకు చెప్పక్కర్లేదు, ఇక్కడ కనీసం ఫ్యాన్ తిరుగుతోంది.

2025 ఏప్రిల్ 24న ఫేటల్ ఫ్యూరీ: సిటీ ఆఫ్ ది వోల్వ్స్ అనే ఫైటింగ్ గేమ్ విడుదలైంది. ఎస్ఎన్‌కే కంపెనీది. ఆ వరసలో అంతకు ముందు గేమ్ వచ్చింది 1999లో. మధ్యలో ఉన్న ఇన్నేళ్ళూ అభిమానులు లిస్టులు రాసుకుంటూనే ఉన్నారు. ఫలానావాడు తిరిగి రావాలి, పక్క గేమ్ నుంచి ఫలానా ఆవిడ రావాలి అని. తీరా గేమ్ వచ్చేసరికి ఫైటర్ల వరసలో క్రిస్టియానో రొనాల్డో నిలబడి ఉన్నాడు. ఫుట్‌బాల్ రొనాల్డోయే, వేరే ఎవరో కాదు. బంతితో కొడతాడు. (నవ్వులు) అతని పక్కన సాల్వతోర్ గనాచీ అని ఒక డీజే. ఈ రెండు పేర్లూ రాసిపెట్టుకున్న లిస్టు ఒక్కటి కూడా నా కంటపడలేదు.

లిస్టులు రాసినవాళ్ళకి గేమ్ తెలియక కాదు. ఎస్ఎన్‌కే పాత గేమ్‌లన్నీ తిరగేశారు, ప్రతి పాత్ర పుట్టుపూర్వోత్తరాలూ వాళ్ళకి కంఠతా వచ్చు. ఒక్క సంగతి మాత్రం చూడలేదు. ఆ కంపెనీ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? 2022 నాటికి ఎస్ఎన్‌కేలో 96 శాతం వాటా సౌదీ యువరాజు నెలకొల్పిన మిస్క్ ఫౌండేషన్ కిందకి వెళ్ళింది. రొనాల్డో 2023 నుంచి సౌదీలోనే అల్ నస్ర్ క్లబ్‌కి ఆడుతున్నాడు. 2025లో రియాద్‌లో జరిగిన ఎస్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో, అంటే వీడియో గేమ్‌ల పోటీల్లో, ఈ గేమ్‌కీ పోటీ పెట్టారు, ఆ వరల్డ్ కప్‌కి ప్రచారకర్తగా రొనాల్డోనే తీసుకున్నారు. ఈ ముక్కలన్నిటినీ కలిపేది నా ఊహ, ఒప్పంద పత్రం నా దగ్గర లేదు. కానీ ఊహించడానికే కదా ఇక్కడ కూర్చున్నాం.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇంతే. అతిథి ఫైటర్, అంటే బయటి నుంచి గేమ్‌లోకి తెచ్చే పాత్ర, ఎవరొస్తారు అని అడిగే ముందు, ఆ పాత్రని పంపాల్సింది ఎవరో కనుక్కోండి. వాళ్ళకి పంపడం వల్ల ఏం ఒరుగుతుందో చూడండి. ఆ తర్వాత, వస్తే ఆ గేమ్‌లో వాడు చేయడానికి పని ఉందా అని ఆలోచించండి. మనకి వాడంటే ఎంత ఇష్టం అనేది చాలా కింద వస్తుంది. బాధగానే ఉంటుంది, కానీ అంతే.

మీలో కాస్త వయసు పైబడ్డవాళ్ళకి జగదాంబ దగ్గరా, గాజువాకలోనూ ఉండే వీడియో గేమ్ పార్లర్లు గుర్తుండాలి. ఇంట్లో చెప్పకుండా వెళ్ళిన బాపతు. అక్కడ అసలు పేర్లు ఎవరికీ అక్కర్లేదు. క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అంటే ఎవరికి తెలుసు, ముస్తఫా గేమ్ అంటే అందరికీ తెలుసు. పక్కనే కింగ్ ఆఫ్ ఫైటర్స్ మెషీన్. 97 అంటే చాలు. అది అప్పటికే పాత్రల కలగూరగంప అని మాలో ఎవరికీ తెలియదు. 1994లో మొదటిది వచ్చినప్పుడు టెర్రీ ఫేటల్ ఫ్యూరీ నుంచి, ర్యో ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్ నుంచి, రాల్ఫ్, క్లార్క్ ఇకారి వారియర్స్ నుంచి, అథీనా సైకో సోల్జర్ నుంచి వచ్చారు. అన్నీ ఒకే ఇంటి గేమ్‌లు కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు. 1996లో క్యాప్‌కామ్ వాళ్ళు ఎక్స్-మెన్‌ని స్ట్రీట్ ఫైటర్‌తో కలిపినప్పటికి మార్వెల్ అనే రెండో ఇల్లు వచ్చింది. అనుమతులు, గడువులు, సంతకాలు అన్నీ దాంతో పాటే వచ్చాయి.

తర్వాత ప్లేస్టేషన్‌లో టెక్కెన్ 3. గంటకి ఇంత అని కట్టి ఆడినవాళ్ళలో సగం మంది ఎడ్డీ గోర్డోని పట్టుకొని, చేతికందిన బటన్లన్నీ నొక్కి గెలిచినవాళ్ళే. (నవ్వులు) దాంట్లో పొట్టి డైనోసార్ ఒకటి ఉండేది, గాన్. వాడు టెక్కెన్ వాడు కాదు. మసాషి తనాకా గీసిన మాంగా లోంచి వచ్చిన అతిథి. అంత పొట్టివాడికి పైనుంచి కొట్టే దెబ్బలు సగం తగిలేవి కావు. మాకు అదో మోసంలా కనిపించేది. అతిథి పాత్ర అంటే ఏమిటో తెలియకముందే, అతిథి వల్ల ఆట బ్యాలెన్స్ చెడుతుందని మనకి తెలిసిపోయింది.

ఇక అసలు విషయం, పంపేవాళ్ళ సంగతి. దీనికి సోల్ కాలిబర్ 2ని మించిన పాఠం లేదు. 2003లో ఇంటి మెషీన్లకి వచ్చినప్పుడు ఒకే గేమ్‌లో ముగ్గురు వేర్వేరు అతిథులు. నింటెండో గేమ్‌క్యూబ్ కొంటే జెల్డా గేమ్‌ల హీరో లింక్. ఎక్స్‌బాక్స్ కొంటే కామిక్స్ హీరో స్పాన్. ప్లేస్టేషన్ 2 కొంటే హెయిహాచి, అంటే నామ్కో సొంత టెక్కెన్ ముసలాయన. లింక్‌ని నింటెండో ఎందుకు పంపింది? తన మెషీన్ మీద ఆ గేమ్ అమ్ముడుపోవాలని. ఇది అర్థమైతే సోనీ ప్రవర్తన కూడా అర్థమవుతుంది. గాడ్ ఆఫ్ వార్ హీరో క్రేటోస్ సోనీవాడు. 2011 మోర్టల్ కాంబాట్‌లో వచ్చాడు, సోనీ మెషీన్ల మీద మాత్రమే. స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్‌లో సోనీ ఇంకో పాత్ర కోల్ మెక్‌గ్రాత్, మళ్ళీ సోనీ మెషీన్ల మీదే. అంటే ఆ రోజుల్లో సోనీ తన పాత్రని పంపింది గానీ తన గుమ్మం దాటి పంపలేదు. కాబట్టి ఎవరైనా తమ్ముడు వచ్చి స్మాష్‌లోకి, అంటే నింటెండో వాళ్ళ సూపర్ స్మాష్ బ్రోస్ ఫైటింగ్ గేమ్‌లోకి, క్రేటోస్ వస్తాడు అంటే, నేను నవ్వి ఊరుకుంటాను.

మైక్రోసాఫ్ట్ కథ వేరు. బాంజో-కజూయీ 1998లో నింటెండో 64 మీద వచ్చిన గేమ్. చేసింది రేర్. 2002లో రేర్‌ని మైక్రోసాఫ్ట్ కొనేసింది. అంటే నింటెండో పిల్లలు పెరిగిన పాత్ర పోటీ కంపెనీ చేతికి పోయింది. ఇక రాడు అనుకున్నారు చాలామంది. కానీ మైన్‌క్రాఫ్ట్ కూడా మైక్రోసాఫ్ట్‌దే, అది నింటెండో మెషీన్ల మీద ఎప్పటినుంచో అమ్ముడుపోతోంది. రెండు కంపెనీలకీ మాటలున్నాయి, లెక్కలున్నాయి. చూసేవాడికి దారి కనబడుతూనే ఉంది. 2019లో స్మాష్ అల్టిమేట్‌లోకి బాంజో వచ్చాడు, 2020లో మైన్‌క్రాఫ్ట్ స్టీవ్ వచ్చాడు.

స్మాష్ గురించి కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను, ఎందుకంటే ఈ ఊహల వ్యాపారానికి రాజధాని అదే. 1999లో మొదలైనప్పుడు 12 మంది, అందరూ నింటెండో వాళ్ళే. అసలు ఆ గేమ్ సృష్టికర్త మసాహిరో సకురాయ్ ముందు చేసిన నమూనాలో మారియో లేడు, ఎవరూ లేరు. ఊరూ పేరూ లేని బొమ్మలు కొట్టుకునేవి. జనం గుర్తుపట్టే ముఖాలు కావాలని తర్వాత పెట్టారు. బయటి కంపెనీ వాళ్ళు మొదట వచ్చింది 2008 నాటి బ్రాల్‌లో. స్నేక్, సోనిక్. స్నేక్ ఎలా వచ్చాడో తెలుసా? మెటల్ గేర్ చేసిన హిదియో కొజిమా స్వయంగా సకురాయ్‌ని అడిగాడు, మావాణ్ణి తీసుకోమని. అంతకు ముందు గేమ్‌కే అడిగాడట, అప్పటికి ఆలస్యమైపోయింది. అంటే పంపేవాడే వచ్చి తలుపు కొట్టాడు. ఇలాంటిది జరిగితే అభిమానుల ఓటింగులూ గీటింగులూ ఏమీ అక్కర్లేదు.

ఓటింగ్ అంటే గుర్తొచ్చింది. 2015లో నింటెండో నిజంగానే ఓటింగ్ పెట్టింది, మీకు ఏ ఫైటర్ కావాలో చెప్పండి అని. ఫలితంగా బయోనెట్టా వచ్చిందని ప్రకటించారు. ఆ ప్రకటనని జాగ్రత్తగా చదివారా ఎవరైనా? మొత్తం ఓట్లలో మొదటిది అనలేదు. చర్చలు జరిపి తేగలిగినవాళ్ళలో మొదటిది అన్నారు. కిటుకంతా అక్కడే ఉంది. బయోనెట్టా రెండో గేమ్‌ని 2014లో విడుదల చేసింది నింటెండోయే, కాబట్టి చర్చలకి పెద్ద దూరం లేదు. అసలు అన్ని ఓట్లలో మొదటివాడు ఎవరో సకురాయ్ 2021లో బయటపెట్టారు. కింగ్‌డమ్ హార్ట్స్ గేమ్ హీరో సోరా, హక్కులు డిస్నీవి. ఓటు 2015లో, రాక 2021లో. మధ్యలో ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళ పేరు డిస్నీ. (నవ్వులు)

సోరా రాకకి కారణం కూడా వినండి. ఒక అవార్డుల వేడుక దగ్గర డిస్నీ మనిషి ఒకరు అనుకోకుండా ఎదురుపడ్డారని, మాటలు అక్కడ మొదలయ్యాయని సకురాయే చెప్పారు. ఇంతమంది ఇన్నేళ్ళు అడిగినదాని కంటే ఆ నిమిషం ఎక్కువ పనిచేసింది. అయినా షరతులు తప్పలేదు. సోరా వచ్చాడు, డొనాల్డ్ రాలేదు, గూఫీ రాలేదు. ఇలాంటి బేరాలు గేమ్‌లోనే కనిపిస్తాయి, చూసే కన్నుంటే. 2015లో ఫైనల్ ఫాంటసీ 7 నుంచి క్లౌడ్ వచ్చినప్పుడు వెంట వచ్చినవి రెండే రెండు పాటలు. సంగీతానికి అంత పేరున్న గేమ్ నుంచి రెండు పాటలు! అదే గేమ్ విలన్ సెఫిరోత్ వచ్చిన 2020 డిసెంబర్ దాకా అదే పరిస్థితి. పాత్రకి ఒక అనుమతి, పాటకి ఇంకో అనుమతి.

ముఖానికీ గొంతుకీ కూడా అంతే. డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగిన మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మోర్టల్ కాంబాట్ 11లో టెర్మినేటర్‌కి ఆర్నాల్డ్ ముఖం ఉంది, గొంతు వేరే అతనిది. అదే గేమ్‌లో రాంబోకి స్టాలోన్ ముఖమూ గొంతూ రెండూ ఉన్నాయి. రోబోకాప్‌కి పీటర్ వెల్లర్ స్వయంగా గొంతు ఇచ్చాడు. సినిమా నుంచి ఎవరైనా వస్తున్నారంటే ఎన్ని సంతకాలు కావాలో ఊహించుకోండి.

అందరికంటే తేలికగా జరిగిపోయేది ఇచ్చిపుచ్చుకోవడం. ఫేటల్ ఫ్యూరీ నుంచి స్ట్రీట్ ఫైటర్ 6లోకి 2024 సెప్టెంబర్‌లో టెర్రీ వెళ్ళాడు, 2025 ఫిబ్రవరిలో మాయ్ వెళ్ళింది. అంకెలున్న స్ట్రీట్ ఫైటర్ గేమ్‌లోకి బయటి కంపెనీ ఫైటర్లు రావడం అదే మొదలు. బదులుగా క్యాప్‌కామ్ నుంచి కెన్, చున్ లీ ఫేటల్ ఫ్యూరీలోకి వచ్చారు. అచ్చం కుండమార్పిడి పెళ్ళిళ్ళు. (నవ్వులు) టెర్రీ, మాయ్ పేర్లు ప్రకటించిన రోజే, అటునుంచి ఇటు ఎవరొస్తారు అని అడిగినవాడు సగం ఆట గెలిచినట్టు. ఆ తర్వాత మూడో ఏడాది స్ట్రీట్ ఫైటర్ 6కి ప్రకటించిన పేర్లు చూడండి: సగాట్, వైపర్, అలెక్స్, ఇంగ్రిడ్. అందరూ ఇంటివాళ్ళే. ఒక ఏడాది అతిథులొస్తే ప్రతి ఏడాదీ వస్తారనుకోవడం కూడా పొరపాటే.

అనుమతి వచ్చేసింది అనుకుందాం. ఇక నా పని మొదలవుతుంది, అంటే యానిమేటర్ల పని. నాకు అసలు ఆసక్తి ఇక్కడే.

ఫైటింగ్ గేమ్ సెకనుకి 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు, నడుస్తుంది. ఒక పంచ్ అంటే మూడు ముక్కలు. చెయ్యి లేవడానికి కొన్ని ఫ్రేములు, తగిలే అవకాశం ఉన్నవి కొన్ని, చెయ్యి వెనక్కి రావడానికి కొన్ని. మొదటి ముక్కలో నాలుగు ఫ్రేములు పెరిగితే ఆ పంచ్ ఎవరూ వాడరు. నాలుగు తగ్గితే దాన్ని తప్ప ఇంకోటి వాడరు. ఇప్పుడు వేరే గేమ్ నుంచి వచ్చినవాడికి వాడి నడక, వాడి గెంతు, వాడి గర్వం అన్నీ అలాగే ఉండాలి, కానీ ఈ గేమ్ లెక్కలో ఇమడాలి. రెండూ ఒక్కోసారి కుదరవు.

స్మాష్‌లో ర్యూని చూడండి. స్మాష్‌లో ఎవరికైనా ఒక బటన్, ఒక దిక్కు చాలు. ర్యూకి మాత్రం స్ట్రీట్ ఫైటర్‌లో లాగే స్టిక్ తిప్పి హడూకెన్ అనే శక్తి బంతి వేస్తే దెబ్బ బలంగా పడుతుంది, మామూలుగా నొక్కితే కొంచెం తక్కువ. అల్టిమేట్‌లో ఒకరితో ఒకరు ఆడుతున్నప్పుడు ర్యూ, కెన్, టెర్రీ, కజుయా ఎప్పుడూ ఎదుటివాడి వైపే ముఖం తిప్పి నిలబడతారు. మిగతా పాత్రలకి అది లేదు. ఇంటి అలవాటు వెంట తెచ్చుకున్నారన్నమాట. చిన్న విషయమే, కానీ దాన్ని ఆలోచించినవాడికి దండం పెట్టాలి.

స్టీవ్ అయితే ఇల్లంతా తిరగేశాడు. నేలని తవ్వాలి, వస్తువు తీయాలి, దాంతో పనిముట్టు చేయాలి, గాల్లో ఇటుక పెట్టాలి. తవ్వితే ఏం వస్తుంది? నేల మట్టిదైతే ఒకటి, చెక్కదైతే ఇంకొకటి. అంటే గేమ్‌లో ఉన్న వందకు పైగా స్టేజీల్లో ప్రతి నేలకీ అది దేంతో చేసిందో చెప్పాలి. అన్ని స్టేజీలనీ మళ్ళీ సరిచేయాల్సి వచ్చిందని సకురాయ్ చెప్పారు. ఒక్క అతిథి కోసం! మా బోటివాళ్ళకి అలాంటి మెయిల్ సోమవారం పొద్దున్నే వస్తే ఏమవుతుందో మీకు చెప్పలేను. (నవ్వులు)

దీనికి రెండో వైపు స్ట్రీట్ ఫైటర్ నుంచి టెక్కెన్ 7లోకి వచ్చిన అకుమా. టెక్కెన్‌లో మామూలు ఫైటర్లకి లేని మీటర్, అంటే ఆడేకొద్దీ నిండి పెద్ద దెబ్బలకి వాడుకునే కొలత, అతనికుంది. దూరం నుంచి నిప్పు బంతులు విసురుతాడు, స్ట్రీట్ ఫైటర్ తరహాలో గెంతి మీదకొస్తాడు. చూడటానికి అద్భుతం. ఎదురుగా ఆడేవాడికి నరకం. టెక్కెన్ ఇన్నేళ్ళు నేర్చుకున్నవాడు ఒక్కసారిగా వేరే గేమ్ ఆడాల్సి వచ్చింది. అతిథికి పూర్తి న్యాయం చేస్తే ఇంటివాళ్ళకి అన్యాయం జరగొచ్చు. అయినా నా ఓటు అకుమాకే. పేరు మాత్రం తెచ్చి, లోపల ఇంటివాళ్ళ దెబ్బలే పెట్టే అతిథి ఎందుకు?

స్మాష్‌లోకి బైలెత్ వచ్చినప్పుడు గోల గుర్తుందా? ఫైర్ ఎంబ్లెమ్ నుంచి ఇంకో కత్తివీరుడా అని. సకురాయ్ కూడా ఆ మాట తెలిసినట్టే మాట్లాడారు. అందుకే బైలెత్ చేతికి కత్తితో పాటు బల్లెం, గొడ్డలి, విల్లు ఇచ్చారు. పేరు చూసి తిట్టినవాళ్ళు ఆడి చూస్తే ఆ తేడా తెలుస్తుంది. తిట్టడం మానలేదనుకోండి.

అయితే, పంపేవాడు ఉంటే చాలు అని నేను అంటున్నానని అనుకోవద్దు. వార్నర్ వాళ్ళ మల్టీవర్సస్ చూడండి. బ్యాట్‌మన్ వాళ్ళదే, బగ్స్ బన్నీ వాళ్ళదే, స్కూబీ-డూ కార్టూన్ షాగీ వాళ్ళదే, అందరూ ఇంట్లోనే ఉన్నారు. పిరికి షాగీకి అపారమైన శక్తులున్నాయని ఒక మీమ్ నడిచింది, అతన్ని మోర్టల్ కాంబాట్ 11లో పెట్టమని జనం సరదాకి పిటిషన్లు పెట్టారు, అక్కడికి రాలేదు. 2022లో మల్టీవర్సస్‌లోకి దింపారు, ఆ మీమ్‌లోని శక్తులతో సహా. అభిమానుల జోక్ ఫైటర్ అయింది. ఇంత ఉండి కూడా ఆ గేమ్ మధ్యలో ఆగి, 2024 మేలో మళ్ళీ మొదలై, 2025 మే 30న పూర్తిగా మూతపడింది. ముఖాలుంటే సరిపోదు, రోజూ కూర్చొని ఆడాలనిపించాలి.

మూతపడటం అంటే ఇంకో ముక్క. అతిథులు వెళ్ళిపోతారు కూడా. అల్టిమేట్ మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 3 లైసెన్స్ గడువు అయ్యాక 2013 చివర్లో ఆన్‌లైన్ అమ్మకం నుంచి పోయింది, తిరిగి వచ్చింది 2016 డిసెంబర్‌లో. జంప్ ఫోర్స్ 2019లో వచ్చి 2022 ఫిబ్రవరిలో అమ్మకం నుంచి తీసేశారు. నచ్చిన క్రాసోవర్ గేమ్ ఆఫర్‌లో కనిపిస్తే కొనేసుకోండి, సంక్రాంతికి చూద్దాంలే అనుకోవద్దు.

లీకుల గురించి ఒక్క మాట. 2018 అక్టోబర్‌లో గ్రించ్ లీక్ అని ఒకటి వచ్చింది. ఒక ఫొటోలో గ్రించ్ సినిమా ప్రచార బొమ్మల పక్కన స్మాష్ పోస్టర్, దాంట్లో కొత్తవాళ్ళు: బాంజో, జీనో, షాడో, ఐజాక్, కెన్, ఇంకా కొందరు. సినిమా బొమ్మలు నిజమైనవి కాబట్టి పోస్టర్ కూడా నిజమే అన్నారు. నవంబర్ 1న నింటెండో ప్రకటన వచ్చింది. కెన్ వచ్చాడు. మిగతావాళ్ళ ఊసే లేదు. వాళ్ళకి బదులు ఇన్సినరోర్, పిరానా ప్లాంట్. కుండీలో మొక్క! (నవ్వులు) ఆ లీకులో నాకు అనుమానం రావాల్సిన చోటు ఫొటోలో లేదు, పేర్లలో ఉంది. అందరూ మనకి నచ్చినవాళ్ళే. అసలైన లిస్టులో మనకి అర్థంకాని పేరు ఒకటైనా ఉంటుంది, ఎందుకంటే దాన్ని తయారుచేసింది మీటింగ్. ఆ నెలలోనే సకురాయ్ చెప్పారు, డీఎల్‌సీ ఫైటర్ల, అంటే గేమ్ విడుదలయ్యాక విడిగా అమ్మే ఫైటర్ల, ఎంపిక పూర్తిగా నింటెండోదేనని, వాళ్ళు ఎంచిన పాత్రతో ఫైటర్ చేయగలమా లేదా చూడటం తన పని అని.

సరే, నా పందెం చెప్పమని నిర్వాహకులు ముందే అడిగారు. తర్వాతి స్మాష్ ఎప్పుడొచ్చినా, క్రాష్ బ్యాండికూట్. 2023 అక్టోబర్‌లో ఆక్టివిజన్‌ని మైక్రోసాఫ్ట్ కొంది, క్రాష్ దాంతో పాటే వెళ్ళాడు. బాంజో, స్టీవ్ నడిచిన దారి ఇప్పుడు అతనికీ ఉంది. అతని పాత గేమ్‌లు 2018 నుంచి స్విచ్ మీద అమ్ముతున్నారు. చేతి పని కూడా ఉంది. టీఎన్‌టీ పెట్టెలు ఇవ్వాలని అందరూ అంటారు, నేనైతే ఇవ్వను. పేల్చే పని స్టీవ్ దగ్గర ఇప్పటికే ఉంది. క్రాష్‌కి గిర్రున తిరగడం, జారడం, పెట్టె మీద గెంతి ఇంకా పైకి లేవడం, ఒక దెబ్బ కాసే అకు అకు ముసుగు. ఆ ముసుగు ఉన్నంతసేపు ధైర్యంగా మీదకెళ్ళి, పోగానే పారిపోయే ఫైటర్. అలాంటివాడు స్మాష్‌లో లేడు.

మనసు మాత్రం రేమన్ అనే గేమ్ పాత్ర మీద ఉంది. భుజాలూ మోచేతులూ లేని బొమ్మ అది, చేతులు గాల్లో ఉంటాయి. పంచ్ ఎంత దూరమైనా వెళ్ళొచ్చు, మోచెయ్యి ఎటు వంగాలనే బాధ లేదు. యానిమేటర్‌కి పండగ. కానీ పందెం క్రాష్ మీదే.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: మన ఇండియా నుంచి ఎవరైనా వచ్చే అవకాశం ఉందా సార్?)

స్ట్రీట్ ఫైటర్‌లో ధల్సిం ఉన్నాడు కదా అనకండి, 1991లో జపాన్‌వాళ్ళు గీసిన మనవాడు. మనం చేసిన పాత్ర అంటే నాకు మొదట తట్టేది రాజీ. పుణేలోని నాడింగ్ హెడ్స్ వాళ్ళు 2020లో చేసిన రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్. అది ముందు వచ్చింది స్విచ్ మీదే. త్రిశూలం ఉంది, విల్లు ఉంది, గోడల మీద పరుగు, స్తంభం పట్టుకొని తిరిగి కొట్టడం ఉంది. ఫైటర్‌కి కావలసిన సరుకంతా సిద్ధం. స్మాష్ దాకా ఎందుకమ్మా, చిన్న గేమ్‌ల వైపు చూడు. రైవల్స్ ఆఫ్ ఈథర్ అనే ఇండీ ఫైటింగ్ గేమ్‌లోకి 2017లో ఓరి వచ్చింది, 2019లో షవల్ నైట్ వచ్చాడు. షవల్ నైట్ లాంటి పాత్రలకి యజమాని ఒక చిన్న బృందం, ఒక మెయిల్‌కి జవాబు వచ్చేస్తుంది. రాజీకి ఉన్న దారి అది. నువ్వు గీయగలిగితే ఆమెకో మూవ్‌సెట్, అంటే ఆమె వేసే దెబ్బల వరస, గీసి చూడు.

(వెనక నుంచి: మన సినిమా హీరో టెక్కెన్‌లోకి వస్తే ఎలా ఉంటాది గురూ?)

(నవ్వులు) ఉంటాది, బాగానే ఉంటాది. స్మాష్‌లోకి మాత్రం రాడు. గేమ్‌లో పుట్టిన పాత్ర కాకపోతే సకురాయ్ తీసుకోరు. టెక్కెన్‌కి ఆ పట్టింపు లేదు. టెక్కెన్ 7లోకి వాకింగ్ డెడ్ టీవీ సీరియల్‌లో కనిపించే నీగన్ వచ్చాడు. మన వైపు దారి ఎక్కడ ఉందో చెప్పమంటే, 2025లో వచ్చిన డెత్ స్ట్రాండింగ్ 2లో రాజమౌళి గారి ముఖం, వాళ్ళబ్బాయి కార్తికేయ ముఖం ఉన్నాయి. ఆ గేమ్ చేసింది స్నేక్‌ని స్వయంగా పంపిన కొజిమాయే. ఫైటింగ్ గేమ్ కాదు, కానీ పరిచయం అనేది ఒకటి ఏర్పడింది. నేను చెప్పేదంతా అదే కదా, పరిచయాల లెక్క.

(ముందు వరసలో ఒక కుర్రాడు: అన్నా, వాలుయీజీ ఎందుకు రాడు?)

ఇది మాత్రం అడగొద్దు తమ్ముడూ. మారియో గేమ్‌ల వాలుయీజీ 2000 నుంచి నింటెండో సొంతవాడు. పంపాల్సింది నింటెండో, పిలవాల్సింది నింటెండో. లైసెన్స్ లేదు, డిస్నీ లేదు, సంతకం లేదు. బ్రాల్ నుంచి అల్టిమేట్ దాకా ప్రతిసారీ పక్క నుంచి వచ్చి నాలుగు తన్ని పోయే సహాయకుడిగా నిలబెట్టారు తప్ప ఫైటర్‌ని చేయలేదు. ఇప్పటిదాకా నేను చెప్పిన ఏ లెక్కా వాడి దగ్గర పనిచేయదు. వాడి మీద మాత్రం నేను పందెం కాయను.